కట్ట మీద, గట్టు మీద: చెన్నై చుట్టుపక్కల చిత్తడి నేలల్లో నడక
మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శీర్షికకు చెరువులు, మడుగులు, ఉప్పుకయ్యల వెంట నడకదారుల గురించి రాయమని అడిగాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. రాసినవారి పేర్లు తీసేసి పేట పేరు మాత్రం ఉంచాం.

వేళచ్చేరి నుంచి: విజయవాడ నుంచి వచ్చి ఏడాదైంది. మా బాల్కనీలోంచి పళ్లికరణై మడుగు కనిపిస్తుంది కానీ లోపలికి దారి ఎంత వెతికినా దొరకలేదు. ఆదివారం పొద్దున్నే ఓ రెండు గంటలు నడవాలంటే ఎటు నుంచి వెళ్ళాలి?

దారి దొరక్కపోవడం మీ తప్పు కాదండి, అసలు లేదు. 2007లో అక్కడ 317 హెక్టార్లను రిజర్వు ఫారెస్టుగా ప్రకటించారు. అనుమతి లేకుండా అందులో దిగితే నేరం. 2022లో ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాకు, అంటే రామ్‌సర్ జాబితాకు ఎక్కిన విస్తీర్ణం ఇంకా పెద్దది, సుమారు 1,248 హెక్టార్లు. చట్టం సంగతి అటుంచినా, జమ్ముగడ్డి కింద ఎక్కడ చీలమండ లోతుందో, ఎక్కడ నడుము దాకా బురద ఉందో పైనుంచి ఎవరూ చెప్పలేరు. పళ్లికరణైలో నడక అంటే అంచు వెంబడి నడకే.

అంచు మీద రెండు చోట్లు పనికొస్తాయి. మొదటిది 2021లో తెరిచిన ఎకో పార్కు. చదునైన బాట, కూర్చునే చోట్లు, మడుగు కనిపించే మెట్టలు ఉన్నాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఇదే నయం. రెండోది తొరైపాక్కం నుంచి పళ్లికరణై వెళ్ళే రేడియల్ రోడ్డు పక్క కాలిబాట. ఈ రోడ్డు మడుగును రెండుగా కోస్తూ దాదాపు తూర్పు పడమరలుగా పోతుంది. తొరైపాక్కం చివర మొదలుపెట్టి పడమరకు నడిస్తే ఎండ వీపుకు తగులుతుంది, వెలుతురు పక్షుల మీద పడుతుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు ఉంటాడు కాబట్టి ఉత్తరం పక్క నీళ్ళలోని పక్షులు రంగులతో సహా కనిపిస్తాయి. దక్షిణం పక్కవి నల్లటి నీడల్లా ఉంటాయి. జనవరిలో తెల్లవారేది ఆరున్నరకు. ఆ వేళకు మీరు అక్కడ ఉండాలి. ఎనిమిది దాటితే లారీల రొదలో పక్క మనిషి మాట కూడా వినపడదు.

వాసన గురించి ముందే చెప్పడం మంచిది. పెరుంగుడి చెత్తగుట్ట ఈ రోడ్డుకు ఉత్తరాన ఉంది. ఈశాన్య గాలి తిరిగిన రోజుల్లో కంపు నేరుగా రోడ్డు మీదికే కొడుతుంది.

నడుస్తూ ఒక సంగతి గమనించండి. దక్షిణ చెన్నైలోని ముప్పైకి పైగా చెరువుల మిగులు నీరు ఈ మడుగులోకే దిగుతుంది. బయటికి పోయే ప్రధాన మార్గం మాత్రం ఒక్కటే, ఒక్కియం మడువు. అక్కణ్ణుంచి బకింగ్‌హాం కాలువ, ఆపైన కోవళం ముఖద్వారం, సముద్రం. వచ్చే దారులు ముప్పై, పోయే దారి ఒకటి కావడం వల్లే వాన ఆగిన చాలా రోజుల తర్వాత కూడా నీటిమట్టం అంత త్వరగా దిగదు. అంచు బాటలు కూడా అంత త్వరగా ఆరవు.

తాంబరం నుంచి: ఫోన్ మ్యాప్‌లో చక్కగా కాలిబాట చూపించింది. వెళ్తే సగం దారిలో చెరువులోకి దిగిపోయింది. ఇంకోసారి ముళ్ళకంపలో ఆగిపోయింది. ఏ మ్యాప్‌ని నమ్మాలి?

మీ ఫోన్ అబద్ధం చెప్పలేదు, ఏ నెలలోని బాటో చెప్పలేదంతే. చెంగల్పట్టు, తిరువళ్ళూరు పల్లెల్లో చెరువు అడుగున ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా జనం, గొడ్లు అడ్డంగా నడుస్తారు. ఆ బాట పైనుంచి తీసిన ఫోటోలో తెల్లటి గీతలా కనపడితే ఎవరో దాన్ని మ్యాప్‌లో గీస్తారు. నవంబరుకు అదే చోట రెండు మీటర్ల నీళ్ళు. కాబట్టి బయల్దేరే ముందు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత చిత్రాలు చూపించే మీట నొక్కండి. ఒకే చోటును మే నెల చిత్రంలోనూ, డిసెంబరు చిత్రంలోనూ చూడండి. రెండిటిలోనూ ఉన్న గీత నిజమైన దారి. మేలో మాత్రమే ఉన్నది చెరువు అడుగు.

రెండో సాధనం సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం. వారి వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటే ఉచితంగా దించుకోవచ్చు. ఇందులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఎర్రచుక్కల గీత కాలిబాట. కొండల్లో నడిచేవాళ్ళు ముందు నేల ఎత్తు చూపే కాంటూర్ గీతలు చూస్తారు, ఇక్కడ అవి ఎందుకూ పనికిరావు. గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల తేడా ఉంటే, తీరం వెంట నేలంతా ఒక్క గీత కిందే పడిపోతుంది. మీరు చూడాల్సింది చెరువు కట్ట పక్కన చిన్న అంకె వేసి పక్కనే ‘ఆర్’ అక్షరం రాసిన గుర్తు. 3 పక్కన ఆ అక్షరం ఉంటే కట్ట చుట్టుపక్కల నేల కంటే మూడు మీటర్లు ఎత్తని అర్థం. ఎత్తున్న కట్ట వానాకాలంలోనూ దారే. ఒకటి, రెండు అంకెలున్న కట్టలు చాలావరకు అరిగిపోయి ముళ్ళకంపలో కలిసిపోయి ఉంటాయి.

ముళ్ళకంప అంటే సర్కారు తుమ్మ. నెల్లూరు వైపు చిల్లకంప అంటారు, ఇక్కడివాళ్ళు సీమై కరువేలం అంటారు. కట్ట మీద ఒక రెండేళ్ళు మనిషి నడవకపోతే చాలు, దారి మూసేస్తుంది. అది చొచ్చుకుని పోవాలని చూడకండి. వెనక్కి తిరిగి కట్ట కింద ఆయకట్టు వైపు బండిదారి ఉందేమో చూడండి, సాధారణంగా ఉంటుంది. తూముకు మరమ్మతులు చేయాలంటే బండి రావాలి కదా.

ఇక కళ్ళతో చదివే గుర్తులు. దూరంగా తాటిచెట్లు వరుసగా ఉంటే అక్కడ కట్టో, గట్టో ఉన్నట్టే, ఎందుకంటే తాటిగింజలను పెద్దలు కట్టల మీదే పాతారు. జమ్ము, తుంగ ఉన్నచోట ఎండాకాలంలోనూ అడుగు మెత్తన. గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంటే దాని కింద నేల ఉందని పొరపడేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. దాని కింద ఉండేవి నీళ్ళు.

అంబత్తూరు నుంచి: వాన వెలిసిన మర్నాడు చెరువు కట్ట మీద నడవడం ప్రమాదమా? అలుగు పారుతుంటే దాటొచ్చా?

రెండో దానికి ముందు జవాబు: దాటకండి. పిల్లలు దాటుతున్నా, ఊరివాళ్ళు దాటుతున్నా, నీళ్ళు చీలమండ దాకానే ఉన్నట్టు కనిపించినా దాటకండి. తమిళంలో కలంగల్, మన నెల్లూరు, రాయలసీమల్లో కలుజు, మరవ, గోదావరి పక్క అలుగు. పేరు ఏదైనా కట్టుబడి ఒకటే. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోవడానికి కట్టిన రాతి లేదా సిమెంటు గడప అది. ఏడాదంతా తడిసి ఆరుతూ ఉండడంతో పాకుడు పడుతుంది. అడుగు జారితే నీళ్ళు మిమ్మల్ని తోసేది కింది వైపుకు. పై నుంచి పడ్డ నీరు అక్కడ ఏళ్ళ తరబడి నేలను తొలిచి గుంట చేసి ఉంటుంది. నురగ కింద ఆ గుంట లోతు కనపడదు. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్ద మనిషిని పడగొట్టగలదు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలిపోతుంది.

కట్ట సంగతి నిదానంగా చూద్దాం. కట్టకు మూడు ముఖాలు: నీటి వైపు రాళ్ళు పేర్చిన వాలు, పైన నడిచే తల, వెలుపల ఆయకట్టు వైపు వాలు. మనం నడిచేది తల మీదే అయినా కట్ట ఆరోగ్యం తెలిసేది వెలుపలి వాలు అడుగున. అక్కడ నేల చెమ్మగా ఉండి, ఊరే నీరు తేటగా ఉంటే అది మామూలు ఊట, మట్టికట్ట ఎంతో కొంత ఊరుతుంది. ఊరే నీరు బురదరంగులో ఉంటే మాత్రం కట్ట లోపలి మట్టిని నీళ్ళు కొట్టుకుపోతున్నాయని అర్థం. ఎలుక బొరియో, ఎండ్రకాయ బొరియో, చచ్చిన చెట్టు వేరు వదిలిన సందో లోపల గొట్టంలా మారుతోంది. ఆ కట్ట మీద నుంచి వచ్చిన దారినే దిగిపోండి. ఊళ్ళో గ్రామ పరిపాలన అధికారికి, దొరక్కపోతే జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి ఫోన్ చేసి చెప్పండి. కట్ట తల మీద పొడవునా పగులు కనిపించినా ఇదే పని. కట్టకు అడ్డంగా పగులు కనిపించినా తేలిగ్గా తీసుకోకండి, దాని గుండా నీళ్ళు దారి చేసుకోవచ్చు.

ప్రమాదం లేని కట్ట కూడా వాన మర్నాడు నడకకు బాగుండదు. ఇక్కడి కట్టలు ఎక్కువగా బంకమట్టివి. గుప్పెడు మట్టి తీసి పిసికి చూడండి. ఉండ కట్టి, వేళ్ళ మధ్య మెరుస్తూ సాగితే మీ చెప్పు కింద కూడా అలాగే సాగుతుంది. పది అడుగులకు ఒక్కో కాలికి అరకిలో మట్టి అంటుకుని పట్టు పోతుంది. రెండు రోజులు ఎండ కాయనివ్వండి. ఆగలేమంటే కట్ట తలకు నడుమ గడ్డి ఉన్న చాలులో నడవండి. బండి చక్రాల చాళ్ళలో వద్దు.

చేతికి ఒక వెదురుకర్ర ఉండాలి. ఐదడుగుల పొడవు చాలు. కింద నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర ఎర్రటేపు, 45 దగ్గర నల్లటేపు చుట్టండి. నిలవ నీటిలో కర్ర గుచ్చినప్పుడు ఎర్రటేపు మునగకపోతే నడవొచ్చు, నల్లటేపు మునిగితే వెనక్కి. కర్ర నీళ్ళలో ఎంత దిగిందన్నది ఒక లెక్క, బురదలో ఎంత దిగిందన్నది ఇంకో లెక్క. రెండూ కలిపే చూడాలి.

పెరంబూరు నుంచి: సూళ్ళూరుపేట మా అమ్మమ్మగారి ఊరు. పులికాట్‌లో రాజహంసలను ఈసారి దగ్గరగా చూడాలని ఉంది. ఎండి ఉన్నచోట సరస్సులోకి ఎంత దూరం నడవొచ్చు?

మీ ఊరి సరస్సు గురించి మీ అమ్మమ్మగారినే అడిగితే పులికాట్‌కున్న తెలుగు పేరుతో ‘ప్రళయకావేరిలో దిగొద్దు’ అనే అనేవారేమో. మేమూ అదే అంటాం, కారణాలతో.

ఎండిన పులికాట్ చూడ్డానికి గట్టి మైదానంలా ఉంటుంది. పైన ఉప్పు పొక్కు కట్టి తెల్లగా మెరుస్తుంది. ఆ పొక్కు మందం వేలెడు కూడా ఉండదు, కింద ఒండ్రు ఇంకా తడిగానే ఉంటుంది. ఒడ్డు దగ్గర పగుళ్ళు పలకలుగా విడిపోయి ఉన్నంతవరకు అడుగు ఆగుతుంది. పగుళ్ళు సన్నబడి, నేల రంగు ముదురుతూ, అడుగు వేస్తే చుట్టూ చెమ్మ ఉబికే చోట ఆగాలి. అంతకు మించి ఒక్క అడుగు కూడా వద్దు. సరస్సు సగటున మీటరు లోతుకు మించదు కనుక మునిగిపోయే భయం తక్కువే. అసలు చిక్కు కాళ్ళు దిగబడి, ఎండలో, కేక వినపడని దూరంలో ఇరుక్కోవడం.

ఇరుక్కుంటే ఏం చేయాలో కూడా చెప్పుకుందాం. మొదట నిటారుగా నిలబడి కాలిని పైకి లాగే ప్రయత్నం మానండి. ఒక కాలు లాగితే బరువంతా రెండో కాలి మీద పడి అది ఇంకా దిగుతుంది. సంచి విప్పి పక్కన పెట్టండి. వెనక్కి వాలి కూర్చున్నట్టుగా, వీలైతే వెల్లకిలా పడుకుని బరువును పరచండి. కర్రను నడుము కింద అడ్డంగా పెట్టుకోండి. ఇప్పుడు ఒక పాదాన్ని చిన్నచిన్నగా గుండ్రంగా కదుపుతూ పోతే కాలి చుట్టూ గాలి, నీరు చేరి పట్టు వదులుతుంది. చెప్పు బురదకు వదిలేయండి, దాని కోసం వంగకండి. బయటపడ్డాక కూడా లేచి నడవకుండా వచ్చిన దిక్కుకే పాకండి.

ఇక రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు. నడిచి వెళ్ళి చూసేవి కావవి. ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి సన్నటి జీవులను వడగట్టుకు తినే పక్షికి రోజులో ఎక్కువ భాగం మేతకే పోతుంది. మనిషి దగ్గరికొస్తే గుంపులో ముందు మెడలు లేస్తాయి, తర్వాత అన్నీ ఒకే దిక్కుకు నడక మొదలుపెడతాయి, ఆ తర్వాత ఎగురుతాయి. మెడలు లేచాయంటే మీరు అప్పటికే మరీ దగ్గరికి వచ్చేశారు. ఫోటో కోసం లేపిన గుంపు ఆ పూట మేత పోగొట్టుకుంటుంది.

మంచి మార్గం సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డే. సరస్సు మధ్య నుంచే పోతుంది. చెన్నైలో మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సూళ్ళూరుపేటకు లోకల్ రైళ్ళున్నాయి. అక్కడ ఆటో మాట్లాడుకుని అటకానితిప్ప వైపు వెళ్ళి, నీళ్ళున్నచోట దిగి రోడ్డు అంచున నడవండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాలం. రోడ్డు మీద నీడ ఒక్కచోట కూడా దొరకదు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి. చివర్న ఉన్నది అంతరిక్ష కేంద్రం కాబట్టి గేటు దగ్గరికి కెమెరాలతో వెళ్ళకండి. ప్రయోగం ఉన్న రోజు అసలు ఆ రోడ్డు జోలికే వద్దు.

అదే రోజు మధ్యాహ్నం దొరవారిసత్రం పక్కన నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్ళొచ్చు, సూళ్ళూరుపేటకు ఉత్తరాన సుమారు ఇరవై కిలోమీటర్లు. గూడబాతులు నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు కడతాయి. అక్కడ బాట ఉంది, నీడ ఉంది.

తమిళనాడు ఒడ్డున పళవేర్కాడు (పులికాట్ ఊరు) నుంచి ‘పడవలో తీసుకెళ్తాం’ అని ఎవరైనా అంటే వద్దనండి. 2011 డిసెంబరు 25న అక్కడ పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ ఊళ్ళో నడవాలంటే డచ్చివాళ్ళ శ్మశానం, పాత వీధులు చాలు.

క్రోంపేట నుంచి: పోయిన ఏడాది వేడంతాంగల్ పక్షుల అభయారణ్యానికి వెళ్ళాం. ఉదయం పదింటికి చేరాం. పక్షులు పెద్దగా లేవు, ఉన్నవి ఎండలో కనపడలేదు. పేరు గొప్ప అనిపించింది.

పక్షులు కాదు, వేళ కుదరలేదు. పదింటికి చాలా పక్షులు మేతకు చుట్టుపక్కల పొలాలకు, చెరువులకు వెళ్ళిపోయి ఉంటాయి. అక్కడి నడకబాట చెరువుకు పడమర, దక్షిణాల్లో ఉన్న కట్ట మీద ఉంది. పొద్దున అక్కణ్ణుంచి నీళ్ళ వైపు చూస్తే ఎండ కళ్ళలోనే పడుతుంది. మధ్యాహ్నం మూడున్నరకు చేరి, గేటు మూసేదాకా ఉండండి. ఎండ మీ వెనక ఉంటుంది, తెడ్డుమూతి కొంగలు, నత్తగుల్ల కొంగలు, గూడబాతులు, నీటికాకులు గుంపులుగా గూళ్ళకు తిరిగొస్తాయి.

నెల కూడా ముఖ్యం. ఈ పక్షులు నీళ్ళలో నిలిచిన చెట్ల మీదే గూడు పెడతాయి, చుట్టూ నీళ్ళుంటే పిల్లులూ నక్కలూ చెట్టెక్కవు గనక. ఈశాన్య వానలు ఆలస్యమై చెరువు నిండకపోతే గూళ్ళే ఉండవు, మీరు ఎన్ని గంటలకు వెళ్ళినా లాభం లేదు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మంచి కాలం. బయల్దేరే ముందు మధురాంతకం వైపు వాళ్ళనెవరినైనా ‘ఏరి (చెరువు) నిండిందా’ అని అడిగితే సరిపోతుంది.

జీఎస్‌టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద పడాళం దగ్గర తిరగాలి. అక్కణ్ణుంచి పది పన్నెండు కిలోమీటర్లు. కొంచెం ముందుకెళ్తే కరికిలి, ఇంకో పక్షుల చెరువు. జనం ఉండరు, బాతులు ఉంటాయి.

అన్నట్టు వేడంతాంగల్‌ను కాపాడింది మొదట రైతులే. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు. 1798లోనే అప్పటి కలెక్టరు చేత అక్కడ వేట వద్దని రాయించుకున్నారు. అభయారణ్యంగా ప్రకటించింది 1936లో.

మడిపాక్కం నుంచి: గంబూట్లు కొనాలా?

వద్దు. గంబూటు పై అంచు దాటి నీళ్ళు లోపలికి వచ్చాయంటే ఒక్కో కాలు బిందె అవుతుంది, బురదలో ముందు ఇరుక్కునేదీ అదే. పాత స్పోర్ట్స్ బూట్లు, పక్కల జాలీ ఉన్నవి, నీళ్ళు వచ్చినట్టే పోతాయి. అట్ట మాత్రం మందంగా ఉండాలి, సర్కారు తుమ్మ ముల్లు పలచటి చెప్పును ఇట్టే దాటుతుంది. లేసు గట్టిగా కట్టండి. నూలు సాక్సు తడిస్తే పాదం ఒరుసుకుపోయి పొక్కులొస్తాయి, పాలియెస్టర్‌వి వేసుకుని ఇంకో జత సంచిలో పెట్టుకోండి. ఇంటికొచ్చాక బూట్లలో పేపరు కుక్కి నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే అట్ట ఊడుతుంది.

బూట్ల కంటే ముఖ్యం కాలి మీది గాయాలు. ఎలుకల మూత్రం కలిసిన నీరు పుండులోంచి, గీరుకున్న చోటులోంచి ఒంట్లోకి పోతే ఎలుకజ్వరం వస్తుంది. చిన్న గాయమైనా తడవని పట్టీ వేసుకోండి, ఇంటికి రాగానే సబ్బుతో కడగండి. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే డాక్టరుతో ‘చెరువు నీళ్ళలో నడిచాను’ అని మీరే ముందు చెప్పండి. చెప్పకపోతే ఆయన డెంగ్యూ పరీక్షతో మొదలుపెడతారు.

నంగనల్లూరు నుంచి: పిల్లల్ని తీసుకెళ్దామంటే మా అత్తగారు పాములని భయపెడుతున్నారు.

అత్తగారి మాట కొట్టిపారేయకండి. చుట్టూ నీళ్ళు నిండినప్పుడు మిగిలిన పొడినేల కట్టే. ఎలుకలూ అక్కడికే చేరతాయి, వాటి వెనకే పాములూ. అయితే జాగ్రత్తలు కష్టమైనవి కావు. పెద్దవాళ్ళొకరు ముందు, ఒకరు వెనక, పిల్లలు నడుమ. కర్ర నేల మీద తాటిస్తూ నడవాలి, అదురుకు పాము తప్పుకుంటుంది. రక్తపింజర మాత్రం తప్పుకోదు, చుట్టుకుని అక్కడే ఉండి బుసకొడుతుంది. బుస వినపడితే కదలకుండా ఎటు నుంచో చూసుకుని, ఆ తర్వాత వెనక్కి. పడిన చెట్టును ఒక్క అంగలో దాటకండి. ముందు దాని మీద కాలు పెట్టి, అవతల ఏముందో చూసి దిగండి. తూము రాళ్ళ సందుల్లో పిల్లలు చెయ్యి పెట్టకూడదు. డిసెంబరులో ఐదున్నరకల్లా కట్ట దిగేయండి, ఆరుకు చీకటి.

నీళ్ళలో ఈదుతూ కనిపించే గళ్ళ పాము దాదాపు ఎప్పుడూ నీరుకట్టే, విషం లేదు. కానీ పోల్చే పని మీకెందుకు, దూరంగా ఉండండి.

కాటు పడితే గట్టిగా కట్టు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. ఉంగరాలు, గజ్జెలు తీసేసి, ఆ కాలు కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మోసుకుని రోడ్డుకు తేండి. 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికే వెళ్ళండి, విరుగుడు మందు అక్కడ ఉంటుంది. పామును పట్టి తీసుకెళ్ళనక్కర్లేదు. నాగు, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర నాలుగింటికీ ఒకటే మందు. కట్లపాము కాటుకు నొప్పే ఉండకపోవచ్చు, రెప్పలు వాలిపోవడమే గుర్తు. ‘ఏమీ కాలేదుగా’ అని ఇంటికి వెళ్ళిపోవద్దు. ఆ మందు తయారీకి కావలసిన విషాన్ని తీసే ఇరుళర్ల (పాములు పట్టే గిరిజనుల) సహకార సంఘం మహాబలిపురం దారిలో వడనెమ్మేలిలోనే ఉంది, 1978 నుంచి. పిల్లలకు పాముల మీద ఆసక్తి ఉంటే చెరువు కట్ట మీద కాకుండా అక్కడ చూపించండి.

గుడువాంచేరి నుంచి: పొలం గట్టు మీద నడుస్తుంటే రైతు కేకలేశాడు. ఎప్పటి నుంచో జనం నడిచే దారే కదా, మనకు హక్కు లేదా?

రెండు రకాల నేలలను విడదీయాలి. చెరువు, కట్ట, వాగు, బండిదారి పొరంబోకు, అంటే ప్రభుత్వానివి. గట్టు, ఇక్కడివాళ్ళు వరప్పు అనేది, పట్టాదారుది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా, హక్కుగా వాడుకున్న దారికి హక్కు పుడుతుంది. కానీ అది పక్క పొలంవాడి లాంటి వాళ్ళకు పనికొచ్చే మాట, ఆదివారం వచ్చిపోయే మనకు కాదు. ఏది ఏదో తెలియాలంటే తమిళనాడు ప్రభుత్వ ఈ-సర్వీసెస్ వెబ్‌సైట్‌లో జిల్లా, తాలూకా, గ్రామం, సర్వే నంబరు ఇచ్చి ఎ-రిజిస్టరు, అంటే ఊరి భూముల పట్టీ చూడండి. పొరంబోకా, మాగాణా, మెట్టా అక్కడ రాసి ఉంటుంది. తమిళంలో మాగాణి నంజై, మెట్ట పుంజై.

ఆయన కేకలేయడానికి కారణం హక్కు కాకపోవచ్చు. నాట్లకు ముందు గట్టును చెక్కి, కొత్త బురద మెత్తుతారు. అది ఆరకముందు బూటుకాలు పడితే అంచు విరిగి మడిలో నీళ్ళు పక్క మడిలోకి జారిపోతాయి. మళ్ళీ మెత్తడానికి పూట పని. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొత్తగా మెత్తిన గట్టు ఎక్కకండి, గడ్డి మొలిచిన పాత గట్టు చూసుకోండి. సంక్రాంతి అటూ ఇటూ కోతలప్పుడు యంత్రాలు తిరుగుతాయి, అప్పుడూ వద్దు. మిగతా రోజుల్లో పొలంలో మనిషి కనిపిస్తే ఆగి ‘ఇంద వళియా పోలామా, అణ్ణా?’ (ఈ దారిన వెళ్ళొచ్చా, అన్నా?) అనండి. కాదనేవాళ్ళు తక్కువ. కాదంటే తిరిగి రండి. గట్టు పక్కన సన్నటి తీగ లాగి ఉంటే దాన్ని తాకకండి, దాటకండి. పందుల కోసం కరెంటు పెట్టేవాళ్ళున్నారు.

మైలాపూరు నుంచి: మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆమెకు ఎక్కడ కుదురుతుంది?

పళ్లికరణై ఎకో పార్కు, పొద్దున్నే, ఎండ రాకముందు. ఆమె నడిచినంత నడిచి బల్ల మీద కూర్చుంటే పక్షులు అక్కడి నుంచే కనిపిస్తాయి. నీలి బొల్లికోళ్ళు, నామాలకోళ్ళు గడ్డి అంచున తిరుగుతుంటాయి. వాన పడ్డ మర్నాడు వద్దు, రాళ్ళు జారతాయి. ఊరు దాటి తీసుకెళ్ళాలనుంటే శ్రీహరికోట రోడ్డు, కారులో. దిగకుండానే చూడొచ్చు. మరుగుదొడ్డి సంగతి మాత్రం సూళ్ళూరుపేటలోనే చూసుకుని బయల్దేరండి.